పేర్లు మార్చబడినవి

నా సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలో ‘నేను’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా మా గైడు గారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. కొట్టేస్తూ, "మధ్యలో నువ్వెవరమ్మా? తండా గురించి రాస్తున్నావా, నీ గురించి రాస్తున్నావా?" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. హైదరాబాదు దాకా బస్సులో పడి వచ్చానని ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టించిన మనిషి. కానీ శాస్త్రం దగ్గర చండశాసనుడు. ‘నేను’ బదులు ‘పరిశోధకురాలు’ అని రాయమన్నారు.

అంతే, ఆ రోజు నుంచి తండాకు వెళ్ళింది నేను కాదు, పరిశోధకురాలు. ఎండలో నడిచింది పరిశోధకురాలు. చాయ్ తాగింది పరిశోధకురాలు. సూర్యాపేటలో మా ఇంట్లో ఇదొక వేళాకోళమైపోయింది. "పరిశోధకురాలు గారు ఈ పూట వంట చేస్తారా, పరిశీలించి ఊరుకుంటారా?" అని మా ఆయన ఏడిపించేవాడు. నేనూ పడీ పడీ నవ్వేదాన్ని. ఏడవాల్సిన చోట నవ్వడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. ఆ గ్రంథం వల్ల నాకు పేరు ముందు డాక్టర్ అన్న మాట వచ్చింది. అదే గ్రంథం వల్ల ఒక ముసలామెకు రావలసిన ఇంటి జాగా రాకుండా పోయింది. ఈ రెండోది చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ఇది ఎనభైల చివరి మాట. నేను పుట్టి పెరిగింది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడ, తెలుగు లెక్చరర్‌గా ఉద్యోగం సూర్యాపేటలో. స్టాఫ్ రూంలో నోరు తెరిస్తే చాలు, "ఏం మేడం, బెజవాడ బస్సు గిప్పుడే దిగినవా?" అని ఒకరు, "వెళ్తున్నానండీ అనకు, పోతున్న అను, అప్పుడు మాకు సమజైతది" అని ఇంకొకరు. నాకు ముక్కు మీద కోపం. "మీ మాట మీరు మాట్లాడుకోండి, నాది నేను మాట్లాడుకుంటాను" అని గయ్యిమనేదాన్ని. మన నోటి మాటను ఇంకొకరు దిద్దితే ఎంత మండుతుందో నాకు బాగా తెలుసన్నమాట. తెలిసుండి చేశాను, అందుకే ఇంత బాధ.

పీహెచ్‌డీకి మిర్యాలగూడ పక్కన, కాలువ కట్ట మీదున్న ఒక లంబాడా తండాను ఎంచుకున్నాను. ఆ తండానే ఎందుకంటే, గ్రంథంలో రెండు పేజీల కారణాలు రాశాను. అసలు కారణం మా చిన్నమ్మ ఇల్లు మిర్యాలగూడలో ఉండటం. సెలవులొస్తే సూర్యాపేటలో బస్సెక్కి అక్కడ దిగేదాన్ని, వేళకింత తిండి, రాసుకోవడానికి ఒక గది. మా బాబాయికి రైసు మిల్లు ఉంది. తండా ఆడవాళ్ళలో సగం మంది ఆ మిల్లుకో పక్క మిల్లుకో కూలికి పోయేవాళ్ళే. ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టిన వడ్లను కల్లంలో ఆరబోసి, కాళ్ళతో తిరగేసే పని వాళ్ళది. ఈ సంగతి గ్రంథంలో ఎక్కడా లేదు. పరిశోధకురాలికి చిన్నమ్మలూ బాబాయిలూ ఉండరు కదా!

మొదటిరోజు బాబాయి తన జీపిచ్చి, వెంట మిల్లు గుమాస్తాను పంపాడు. "ఒక్కదానివి ఏం పోతవ్ బిడ్డా, మావోడుంటే అందరు కుదురుగ కూసొని జవాబు చెప్తరు" అన్నాడు. నిజంగానే కుదురుగా కూర్చున్నారు. జీపు ఆగగానే ఎవరో పరుగున పోయి కుర్చీ తెచ్చి వేశారు. కుర్చీలో నేను, నా వెనక నిలబడి గుమాస్తా, నేల మీద ఆడవాళ్ళు.

"మిల్లులో పని ఎలా ఉంటుందమ్మా?"

"మంచిగుంటది."

"ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"ఏం లేవు."

"మీ పద్ధతులు, ఆచారాలు కొంచెం చెప్తారా?"

"మాకేం తెల్వదు. మీ అసొంటోళ్ళకే తెలుస్తయి."

ఇంటికొచ్చి నోటుబుక్కులో ఏం రాశానో తెలుసా? ‘వీరు మితభాషులు. ఉన్నదానితో తృప్తి చెందే స్వభావం గలవారు.’ నా మొహం! నేను జీపెక్కగానే ఆ మితభాషులు తమ భాషలో మొదలుపెట్టిన గోల కాలువ మలుపు దాకా వినిపించింది. ఆ నవ్వులూ ఆ అరుపులూ చెవిన పడ్డాక కూడా నా బుర్ర వెలగలేదు. వాళ్ళకు రెండు భాషలున్నాయి. మాలాంటివాళ్ళకు జవాబు చెప్పి పంపించడానికి తెలుగు, మిగతా బతుకంతటికీ తమ భాష. నేను ఆ మొదటిదాన్ని కొలిచి వాళ్ళ స్వభావమని రాసిపారేశాను.

అలా పది పన్నెండు రోజులు నడిచింది. ఒకరోజు గుమాస్తాకు జ్వరమొచ్చింది. జీపు కూడా ఎటో పోయింది. సరేలే అని ఒక్కదాన్నే నడుచుకుంటూ వెళ్ళాను. తండా మొదట్లోనే ఒక గుడిసె ముందు యాభై దాటిన ఒకామె గంపకు పేడ అలుకుతోంది. మొదటి రోజు నుంచీ అందరి వెనకాలా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ ఒక్కమాటా మాట్లాడని మనిషి. తండాలో చిన్నా పెద్దా ఆమెను యాడీ అని పిలిచేవారు. వాళ్ళ భాషలో అమ్మ అని. పిలిచి పిలిచి అందరి నోటా అదే ఆమె పేరైపోయింది. నేనూ అలాగే పిలవడం నేర్చుకున్నాను.

నన్ను చూసి, నా వెనక్కి చూసి, "ఇయ్యాల సేటు మనిషి రాలేదా?" అంది.

"రాలేదు యాడీ."

"జీపు?"

"అదీ లేదు."

"అయితే కూసో."

కుర్చీ తేలేదు. నేనూ అడగలేదు. అలికిన అరుగు మీద చీర అంటుకుంటుందేమోనని లోపల పీకుతున్నా కూర్చున్నాను. ఆ పూట ఆమె మాట్లాడిన మాటలు నేను అంతకుముందు పన్నెండు రోజుల్లో విన్నదానికంటే ఎక్కువ. కాలువ తవ్వే రోజుల్లో మట్టి మోయడానికి వచ్చి ఆ కట్ట మీదే ఎలా ఉండిపోయారో చెప్పింది. మొదటి గుడిసె తనదేనంది. వేడివేడి వడ్లలో నడిచి నడిచి పగిలిన పాదాలు చాపి చూపించింది. "మంచిగుంటది అన్నం గద మొన్న? ఇగో, గింత మంచిగుంటది!" అని పకపకా నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత ఆమె పేరు సంగతి వచ్చింది. నా దగ్గర ఒక అచ్చు ఫారం ఉండేది, పేరు, వయసు, వృత్తి అని గళ్ళు. పేరు అడిగితే లోపలికి పోయి రేషన్ కార్డు తెచ్చింది. అందులో ఉన్నది మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు పెట్టే ఒక దేవత పేరు.

"ఇదేనా నీ పేరు?"

"నాది కాదు. కార్డు రాసినాయనది."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. కార్డులు రాయడానికి వచ్చిన గుమాస్తాకు తండా పేర్లు నోరు తిరగలేదు. తిరగకపోతే మళ్ళీ అడగాలి కదా! అడగలేదు. తనకు వచ్చిన పేర్లు తాను రాసుకుంటూ పోయాడు. యాడికీ, పక్క గుడిసెలో ఉండే తోటికోడలికీ ఒకటే పేరు పడింది. "నాకూ మా యారాలికీ ఒక్కటే పేరు. సరుకులిచ్చేటాయన పిలిస్తే ఇద్దరం లేస్తం. అందరు నవ్వుతరు" అంది. ఓటర్ల జాబితాలో మళ్ళీ ఇంకో పేరు. దవాఖాన చీటీలో వేరొకటి. "మా పేరు ఒక్కడు గూడ సక్కగ రాయలే బిడ్డా."

"అసలు పేరు చెప్పు, నేను రాస్తాను" అన్నాను.

చెప్పింది. నేను అన్నాను. "గట్ల కాదు" అంది. మళ్ళీ అన్నాను. "నాలిక పైకి మలువు. ఇగో గిట్ల" అని నోరు తెరిచి చూపించింది. ఆ పేరు మధ్యలో ఒక మెలిక ఉంది, తెలుగు అక్షరాల్లో సరిగ్గా ఇమడని మెలిక. ఐదారుసార్లకు గాని నాకు పట్టుబడలేదు. ఆ అక్షరానికి ఏ గుర్తు పెట్టాలా అని ఆలోచించి, కింద చుక్క పెట్టి రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. మళ్ళీ చదవమంది. మూడోసారి చదివినప్పుడు ఆ గీతల మీద వేలు పెట్టి, "గివన్నీ నేనేనా?" అంది.

"నువ్వే యాడీ."

"బుక్కుల వస్తదా గిది?"

"వస్తుంది. ఎందుకు రాదూ?" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో! ఆ తర్వాత ఆమె నాకు చెప్పని సంగతి లేదు, పాడి వినిపించని పాట లేదు. నా గ్రంథంలో చదవదగ్గ పేజీలు ఏవైనా ఉంటే అవన్నీ ఆమెవే.

ఇక రాసే రోజులొచ్చాయి. గైడు గారు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. క్షేత్ర పరిశోధన ఎలా చేయాలో సముద్రాల అవతల ఎవరో రాసిన పుస్తకం. అందులో నియమాలన్నీ ముచ్చటగా ఉన్నాయి. మనకు చెప్పినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు, మార్చాలి. పట్టా రాగానే అసలు పేర్లున్న నోటుబుక్కులు ధ్వంసం చేయాలి. అదంతా వాళ్ళ రక్షణ కోసమేనట. రాసినవాళ్ళ మంచితనాన్ని నేనేమీ శంకించడం లేదు. వాళ్ళ దేశంలో మనిషి పేరు కాగితం మీదికెక్కితే ప్రమాదమేమో. మా కాలువ కట్ట మీద కాగితంలో పేరు లేకపోతేనే ప్రమాదం. ఈ తేడా తెలియడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, ఆ రేషన్ కార్డు కథ విన్న చెవులు చాలు. నాకు చెవులున్నాయి. అయినా పుస్తకం మాటే విన్నాను.

గైడు గారిని ఒకే ఒక్కసారి అడిగాను, "ఒకామె తన పేరు ఉండాలంది సార్" అని. "వాళ్ళకేం తెలుసమ్మా, వాళ్ళ మంచి మనం చూడాలి" అన్నారు. మావోడుంటే కుదురుగ జవాబు చెప్తరన్న మా బాబాయి మాటకూ దీనికీ పెద్ద తేడా లేదని అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు సరికదా, తల ఊపి వచ్చాను. యాడికి నేను ఒక కొత్త పేరు పెట్టాను. వినడానికి బాగుండాలి, చదివేవాళ్ళకు నోరు తిరగాలి అని ఏరి కోరి పెట్టాను. అంటే కార్డు రాసినాయన చేసిన పనే చేశాను, కాకపోతే ఆయన ఆలోచించకుండా చేశాడు, నేను బాగా ఆలోచించి చేశాను. గ్రంథం మొదట్లో ఒక వాక్యం పెట్టాను: ‘పేర్లు మార్చబడినవి.’ ఎవరు మార్చారు? దానికదే మార్చబడిందట!

పట్టా వచ్చిన వారంలో నోటుబుక్కులన్నీ పెరట్లో నీళ్ళ కాగు కింద పెట్టేశాను. చుక్క పెట్టి రాసిన ఆ పేరు కూడా అందులోనే పోయింది. నియమం పాటించానన్న తృప్తితో ఆ రోజు తలంటుకున్నాను కూడా.

ఇప్పటి పిల్లలు నా దగ్గరికి వచ్చి చెబుతుంటారు, "ఇప్పుడు ‘నేను’ అని రాయకపోతేనే తప్పు మేడం. మనం ఎవరం, ఎక్కడి నుంచి వచ్చాం, ఎవరి కుర్చీలో కూర్చుని అడిగాం, అన్నీ రాయాలి. పేరు మార్చాలా వద్దా అని వాళ్ళనే అడగాలి" అని. సంతోషం నాయనా. నేను కొంచెం ముందు పుట్టాను. కాదు, ఇది కూడా సాకే. అడగాలని తెలియడానికి ఏ కొత్త శాస్త్రమూ రానక్కర్లేదు. ఆమె అడిగింది, నేను మాటిచ్చాను, తప్పాను. ఇందులో శాస్త్రమెక్కడుంది?

ఐదారేళ్ళు గడిచాయి. తొంభైలు వచ్చేశాయి. ఒకరోజు కాలేజీలో అటెండర్ వచ్చి, "మేడం, మీకోసం ఎవరో లంబాడామె వచ్చింది. మిర్యాలగూడ కెల్లి వచ్చిందట. పొద్దుటి సంది గేటు కాడ కూసుంది" అన్నాడు. యాడి! ఎంత చిక్కిపోయిందో. పక్కన కోడలు. నాకు నిజంగానే సంతోషమైంది. చేతులు పట్టుకుని స్టాఫ్ రూంలోకి తీసుకొచ్చాను, కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"నీ బుక్కు సూడనీకి వచ్చిన" అంది.

బీరువాలోంచి గ్రంథం తీశాను. నల్ల రెక్సిన్ అట్ట, మీద బంగారు అక్షరాలు. రెండు చేతులా పట్టుకుని బరువు చూసింది. "గింత పెద్దగ రాసినవా!" అని మురిసిపోయింది. తర్వాత అడిగింది.

"నా పేరు యాడుంది బిడ్డా?"

స్టాఫ్ రూంలో నలుగురు లెక్చరర్లు చూస్తున్నారు. యాడి చూస్తోంది. కోడలు చూస్తోంది. నిజం చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు: పేరు మార్చాను యాడీ. ఆ వాక్యం నేను చెప్పలేదు. ఇంత దూరం వచ్చిన మనిషి మొహం చిన్నబోతుందని అనుకున్నాను. అబద్ధం, నా మొహం చిన్నబోతుందని అనుకున్నాను. ఆమెకు చదువు రాదు. కోడలికీ రాదు. పేజీ తిప్పి, నేను పెట్టిన పేరు మీద వేలు పెట్టి, "ఇదిగో యాడీ, ఇక్కడ" అన్నాను.

ఆమె ఆ అక్షరాలను తన వేలితో మెల్లగా తడిమింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఈ కాయితం జర జిరాక్స్ తీసిస్తవా?"

"దాందేముంది, తీయిస్తాను" అని, కాలువ కట్ట మీదికి వాళ్ళు ఎప్పుడొచ్చారో ఉన్న ఆ పేజీ అటెండర్ చేత తీయించాను. అది మడిచి రవికెలో పెట్టుకుంది. అంతలో గంట కొట్టారు. నాకు క్లాసుంది. "ఎందుకు యాడీ ఇది?" అని అడగలేదు. ఎన్ని వందల ప్రశ్నలు వేశాను ఆ మనిషిని! నీ పెళ్ళెప్పుడు, నీ గాజులెన్ని, నీ పాటలో ఆ మాటకు అర్థమేంటి... ఈ ఒక్క ప్రశ్న వేయలేదు. చాక్‌పీసు తీసుకుని క్లాసుకు పోయాను.

ఎందుకో నాకు తెలిసింది నెల తర్వాత. చిన్నమ్మ మనవరాలి అన్నప్రాసనకు మిర్యాలగూడ వెళ్ళాను. భోజనాల దగ్గర బాబాయి నవ్వుతూ మొదలుపెట్టాడు. "అవునే బిడ్డా, నీ బుక్కు కాయితం పట్టుకొని ఒకామె మండలాఫీసుకు పోయింది, ఎరికేనా? నేను గాడనే ఉన్న."

కాలువ కట్ట మీది గుడిసెలు తీసేస్తున్నారట. మొదటినుంచీ ఉన్నవాళ్ళకు వేరే చోట ఇంటి జాగాలిస్తామన్నారట. రేషన్ కార్డుల జాబితా తీస్తే, ఒకే ఇంటిపేరుతో ఒకే పేరు రెండుసార్లు కనబడింది. ఒకరే మనిషి రెండు జాగాలు కొట్టేయాలని చూస్తున్నారనుకుని రెండో పేరు తీసేశారు. తోటికోడలికి వచ్చింది, యాడికి పోయింది. మేం ఇద్దరం వేరు, నా అసలు పేరు ఇది అంటే, ఆ పేరుతో మొదటినుంచీ ఇక్కడ ఉన్నట్టు ఒక్క కాగితమన్నా తీసుకురమ్మన్నారు. లోకంలో ఆమె పేరు సరిగ్గా రాసిన కాగితం ఒక్కటే ఉందని ఆమెకు తెలుసు. దానికోసమే సూర్యాపేట వచ్చింది.

"ఆఫీసుల గుమాస్తా చదివిండు. చదివి, ‘గీ పేరెవరిది ముసలమ్మా? ఇప్పటిదాకా నీకు రెండు పేర్లు, ఇది మూడోదా?’ అన్నడు. ఆఫీసంత ఒకటే నవ్వుడు" అని బాబాయి పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాడు. "గామె మాత్రం, ఇంకోసారి చదువు, ఇంకోసారి చదువు అనుకుంట గాడనే నిలబడ్డది."

విస్తరి ముందు నుంచి లేచాను. చిన్నమ్మ "అయ్యో, సగంల లేస్తవేందే, అన్నం కాడ అట్ల లేవొద్దే" అంటూనే ఉంది. చేయి కడుక్కుని, జీపు వద్దని, నడుచుకుంటూ తండాకు పోయాను.

సగం గుడిసెలు అప్పటికే విప్పేశారు. వాసాలు, తడికెలు దారి పక్కన కుప్పగా ఉన్నాయి. యాడి తన గుడిసె ముందే ఉంది, గిన్నెలు ఒక గోనెసంచిలో సర్దుతోంది. తిరుమలగిరి దిక్కు కూతురి తండా ఉంది, అక్కడికి పోతోంది. ఆ మెట్టలో నీళ్ళకే కటకట, మిల్లు పని ఉండదు, అల్లుడింట్లో ఒక మూల. ఇదంతా కోడలు చెప్పింది. యాడి తలెత్తలేదు.

"తప్పు చేశాను యాడీ" అన్నాను. పుస్తకం గురించి, నియమం గురించి, మీ రక్షణ కోసమే అన్న మాట గురించి ఏదేదో చెప్పాను. చెబుతుంటే నాకే అసహ్యం వేసింది. ఆమె గిన్నె కింద పెట్టి నావంక చూసింది.

"నువ్వు గూడ మార్చినవా?"

కోపంతో అనలేదు. తిట్టి ఉంటే బాగుండును. తిడితే పడేదాన్ని, తిట్టించుకోవడానికే పోయాను. ఆ ‘గూడ’ అన్న మాట మాత్రం పడలేకపోయాను. కార్డు రాసినాయన, ఓట్లు రాసినాయన, దవాఖాన చీటీ రాసినాయన, ఆ వరసలో చివర నేను. బోరున ఏడ్చాను. ఆమే నీళ్ళిచ్చింది తాగమని.

కాస్త తేరుకున్నాక, నాకు చేతనైన పని చేస్తానన్నాను. ఫలానా మనిషిని నేను ఫలానా సంవత్సరాల్లో ఇదే గుడిసెలో కలిశాను, గ్రంథంలో ఉన్నది ఈమే, పేరు మార్చింది నేనే అని ఉత్తరం రాసి, సంతకం చేసి, రేపే ఆఫీసులో ఇస్తాను. యాడి మొహంలో చిన్న ఆశ కనిపించింది. "ఇస్తరా మరి?" అంది. "ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాను" అన్నాను. సంచీలోంచి కాగితం తీసి, అరుగు మీద పెట్టుకుని, గబగబా మొదలుపెట్టాను. ‘అయ్యా, కాలువ కట్ట తండాలో నివసించు శ్రీమతి’ అని రాశాను.

అక్కడ పెన్ను ఆగిపోయింది.

ఆమె పేరు నాకు గుర్తురాలేదు. మెలిక గుర్తుంది, కింద పెట్టిన చుక్క గుర్తుంది, నాలుక మలిచిన సంగతి గుర్తుంది. పేరు లేదు. ఎంత వెతికినా నేను పెట్టిన పేరే పైకి వస్తోంది. ఎన్నిసార్లు రాశాను దాన్ని, ఎన్నిసార్లు ప్రూఫులు దిద్దాను! ఇన్నేళ్ళూ నేను ఆమెను తలుచుకున్నప్పుడల్లా ఆ పేరుతోనే తలుచుకున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు యాడీ అన్నాను. అసలు పేరు నా నోట ఉన్నది ఆ ఒక్క పూటే.

కోడలి వంక చూశాను. వాళ్ళలో కోడలు అత్త పేరు నోటితో పలకదు. ఆ అమ్మాయి తల దించుకుంది.

"యాడీ, నీ పేరు..." అన్నాను. "ఇంకొక్కసారి..."

ఆమెకు అర్థమవడానికి క్షణం పట్టింది. ఆ మొహంలో అప్పుడే పుట్టిన ఆశ అప్పుడే పోవడం నేను చూశాను.

"మర్సిపోయినవా?" అంది. "మూడుసార్లు చదివినవు గద."

రాసుకున్నాను, తర్వాత తగలబెట్టాను అని చెప్పాలా? ఆమె మళ్ళీ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. నా వైపు చూడకుండానే అంది:

"కార్డుల ఉన్నదే రాయి బిడ్డా. గది అందరికీ అలవాటే."

"యాడీ, వద్దు, నీ పేరే చెప్పు, రాస్తాను."

"ఇగ సాలు తీ. రాయి."

ఆ ఉత్తరం వల్ల ఏమీ ఒరగలేదు. మర్నాడు ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆ పేరు మీద జాగా ఇచ్చేశాం కదా మేడం అని గుమాస్తా మర్యాదగానే చెప్పి పంపించాడు. యాడి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. తిరుమలగిరి బస్సు చూసినప్పుడల్లా ఎక్కాలనుకున్నాను. వెళ్ళి ఏమని అడగాలి, ఏ పేరుతో అడగాలి అని ఆగిపోయాను. ఇందులో ఎవరి పేర్లూ లేవేమని చదివినవాళ్ళు అడగవచ్చు. నియమం కాదు. రాయాల్సిన ఒక్క పేరూ నా దగ్గర లేదు, మిగతావి రాసి ఏం లాభమనిపించింది.

ఆ రోజు మాత్రం, ఆమె రాయమందే రాశాను. కార్డు రాసినాయన పెట్టిన పేరు, శ్రీమతి పక్కన, గుండ్రటి అక్షరాలతో. కింద సంతకం చేసి, పేరు ముందు డాక్టర్ అని కూడా పెట్టాను, పనికొస్తుందేమోనని. కాగితం ఆమె ముందుకు చాచాను. ఒకసారి చూసింది. చదివి వినిపించమని అడగలేదు.